చుక్కాని తీసేసినా నడపగలరా?

తెరచాప పడవల శిక్షకులుగా ఉపాధి కోరుకునేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. చాపను పట్టుకోవడం, తగిన చాపను ఎంచుకోవడం... రెండూ తెలిస్తేనే జవాబు చెప్పగలరు.

'చుక్కాని లేని నావ' అని మనం తేలిగ్గా అనేస్తాం. దిక్కూ దారీ లేని బతుకు అని దాని భావం. చిన్న తెరచాప పడవలు నేర్పే ఉద్యోగానికి వెళ్తే మాత్రం ఆ నానుడిని నిజం చేసి మీ ముందు పెడతారు. బ్రిటన్‌లోని రాయల్ యాచింగ్ అసోసియేషన్ గుర్తింపుతో చాలా దేశాల్లో డింగీ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు నడుస్తోంది. డింగీ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని నడిపే చిన్న తెరచాప పడవ. కోర్సులో చేరడానికి ముందు నీటి మీద ఒక నైపుణ్య పరీక్ష ఉంటుంది. నీళ్లలో పడ్డ మనిషిని పైకి తీసుకోవడం, బోల్తాపడ్డ పడవను లేపడం, గాలి ఒడ్డుకు తోస్తున్నప్పుడు జాగ్రత్తగా దిగడం లాంటి వాటితోపాటు చుక్కాని వాడకుండా పడవ నడపడం కూడా అందులో ఒక అంశం. అప్పుడు మీ దగ్గర మిగిలేవి చాప తాడు, ఒంటి బరువు. అంతే!

కొన్నేళ్లుగా పడవ నడుపుతున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు. కారణం ఒకటే. వాళ్లు చాపతో నడపరు, చుక్కానితో నెట్టుకొస్తారు. చాప ఎలా ఉన్నా పట్టించుకోకుండా చుక్కాని కర్రను అటూ ఇటూ గుంజి పడవను దారిలో పెడతారు. గుంజిన ప్రతిసారీ చుక్కాని పలక నీళ్లకు అడ్డంగా నిలబడి బ్రేకులా పనిచేస్తుంది. పక్క పడవ ముందుకెళ్లిపోతే గాలి బాలేదనో, చాప పాతదనో అనుకుంటారు. చుక్కాని తీసేయగానే అసలు సంగతి బయటపడుతుంది.

ఉద్యోగాల గురించి ముందే ఒక మాట. ఇది వేల ఖాళీలున్న రంగం కాదు. బ్యాంకు పరీక్షల్లా, రైల్వే పరీక్షల్లా ఏటా నోటిఫికేషన్ పడదు. సెయిలింగ్ క్లబ్బులు, జలక్రీడల కేంద్రాలు, తీరప్రాంత రిసార్టులు, వేసవి శిబిరాలు, గోవా, ముంబయిల్లో యాచ్‌లను అద్దెకిచ్చే సంస్థలు... అవకాశాలు ఎక్కువగా ఇక్కడే. పోటీల దాకా వెళ్తే క్రీడల కోటా అదనం. డిగ్రీయో ఇంజినీరింగో చదువుతూ వారాంతాల్లో నేర్చుకుని, చేతిలో ఇంకో నైపుణ్యంగా ఉంచుకోవడానికి బాగుంటుంది. కోచింగ్ ఫీజులు కట్టి ఇదొక్కటే నమ్ముకోమని మాత్రం ఈ పేజీ చెప్పదు.

మనకు దూరమైన వ్యవహారం కూడా కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డునే యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, సికింద్రాబాద్ సైనికుల ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది. వర్షాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి సెయిలర్లు వస్తారు. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ 470 విభాగంలో భారత్ తరఫున దిగిన జోడీలో తెలంగాణ అమ్మాయి ప్రీతి కొంగర ఒకరు. నౌకాదళ మహిళలు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు కదా. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి పెద్ద పడవే కానీ, అంతటి ప్రయాణానికి వెళ్లేవాళ్లు కూడా చాప పాఠాలు మొదలుపెట్టేది చిన్న పడవల్లోనే.

వదలండి... ఆపై లాగండి

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు చాప తాడును బిగించి పట్టుకోవడం. బిగిస్తే బలం ఎక్కువ వస్తుందని మనసు చెబుతుంది. కానీ చాప గాలికి అడ్డంగా నిలబడే తలుపు లాంటిది కాదు. పక్షి రెక్క లాంటిది. గాలి దాని రెండు ముఖాల మీదుగా సాఫీగా జారిపోతేనే పడవ ముందుకు కదులుతుంది. అతిగా బిగిస్తే వెనక ముఖం మీద గాలి చెదిరిపోతుంది. అప్పుడు పడవ ముందుకెళ్లడం మాని పక్కకు ఒరుగుతుంది.

ఎంత లాగాలో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తాడు మెల్లగా వదులుతూ వెళ్లండి. మాస్ట్‌ను ఆనుకుని ఉన్న చాప అంచు రెపరెపలాడడం మొదలవుతుంది. అక్కడ ఆపి, ఆ రెపరెప ఆగేంతవరకే లాగండి. ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. గాలి ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు కాబట్టి ఈ వదలడం, లాగడం పడవలో ఉన్నంతసేపూ సాగుతూనే ఉండాలి. తాడును క్లీట్‌లో బిగించేసి చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే శిక్షకులకు ఒళ్లు మండుతుంది.

చాపకు రెండు వైపులా అతికించిన సన్నటి ఊలు పోగుల్ని చూసే ఉంటారు. వాటిని టెల్‌టేల్స్ అంటారు. రెండూ వెనక్కి సాఫీగా పారుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. గాలి వచ్చే వైపు పోగు ఎగిరెగిరి పడుతుంటే చాప వదులైందని, లేదా పడవ ముక్కు గాలి వైపు మరీ ఎక్కువ తిరిగిందని అర్థం. అవతలి వైపు పోగు కొట్టుకుంటుంటే చాప బిగుసుకుపోయిందన్న మాట. కంగారులో ఇవన్నీ గుర్తుండవు కాబట్టి ఒక్క కిటుకు పెట్టుకోండి. ఏ వైపు పోగు కొట్టుకుంటోందో ఆ వైపుకు చాపను కదపండి. లేదంటే చుక్కాని కర్రను ఆ వైపుకు కదపండి. రెండు వైపులకూ ఇదే సూత్రం.

ఇంకో సంగతి. ఏ తెరచాప పడవా నేరుగా ఎదురుగాలిలోకి పోలేదు. గాలి వచ్చే దిక్కుకు అటూ ఇటూ దాదాపు 45 డిగ్రీల మేర పడవకు దారి లేదనుకోండి. ఆ దిక్కుకు చేరాలంటే ఏటవాలుగా కొంత దూరం, మళ్లీ రెండో వైపుకు కొంత దూరం మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ఎదురుగాలిలో వేగం తగ్గిందని ఇంకా లాగే బదులు, ముక్కు కాస్త కిందికి దించి వేగం రానివ్వండి. ఈ ఓపిక లేకే చాలామంది మధ్యలో ఆగిపోయి వెనక్కి కొట్టుకుపోతారు.

ఒంటి బరువే చుక్కాని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చుక్కాని లేకుండా పడవ ఎలా తిరుగుతుంది?

పడవ నిటారుగా ఉన్నప్పుడు దాని అడుగు భాగం నీళ్లను రెండు వైపులా సమానంగా కోస్తుంది. ఒక వైపు ఒరిగితే ఆ సమానత్వం పోయి, ఒరిగిన వైపుకు వ్యతిరేకంగా ముక్కు తిరుగుతుంది. కాబట్టి గాలి పోయే వైపుకు పడవ ఒరిగితే ముక్కు గాలి వైపుకు తిరుగుతుంది. మీరు బయటికి వాలి పడవను మీ వైపుకు ఒరగనిస్తే గాలికి దూరంగా తిరుగుతుంది. సైకిల్ మీద చేతులు వదిలి ఒంటిని వాల్చి మలుపు తిప్పినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. తిరిగే వైపు మాత్రం తలకిందులని గుర్తుపెట్టుకోండి.

చాప కూడా తిప్పుతుంది. పెద్ద చాపను లాగితే పడవ వెనక భాగం మీద ఒత్తిడి పెరిగి ముక్కు గాలి వైపుకు పోతుంది. వదిలితే దూరంగా పోతుంది. ముందు చిన్న చాప, అంటే జిబ్ ఉన్న పడవలో దాన్ని లాగితే ముక్కు గాలికి దూరంగా జరుగుతుంది. అడుగున నీళ్లలోకి దిగే పలక వెనక్కి మడిచే రకమైతే దాన్ని కొంచెం పైకెత్తండి, పడవ నెమ్మదిస్తుంది, గాలి వైపుకు తిరిగిపోయే తొందర తగ్గుతుంది.

సాధన చేసేటప్పుడు ఒకేసారి చుక్కాని పీకేయొద్దు. గాలి తక్కువగా ఉన్న పూట, సేఫ్టీ బోటు దగ్గర్లో ఉన్నప్పుడు, చుక్కాని కర్రను రెండు వేళ్లతో పట్టుకుని మొదలుపెట్టండి. కర్ర మీ చేతిని గట్టిగా లాగుతోందంటే పడవ ఎక్కువ ఒరిగి ఉందనో, చాప బిగుసుకుందనో అర్థం. కర్రతో కుస్తీ పట్టొద్దు. బయటికి వాలండి, తాడు కొంచెం వదలండి. లాగుడు తగ్గిపోతుంది. కర్రలో బరువే తెలియనంత తేలిగ్గా పడవ సాగే క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణంలో కర్ర పూర్తిగా వదిలి పదిదాకా లెక్కపెట్టండి. మరుసటి వారం ఇరవైదాకా. నెల రోజుల్లో మీకే తెలుస్తుంది, ఇన్నాళ్లూ చుక్కానికి ఎంత అనవసరపు పని చెప్పారో.

మంచి ఫలితం ఇంకోటి ఉంది. ఇలా నేర్చుకున్నవాళ్లు ఇతరులకు చెప్పగలుగుతారు. శిక్షకుడి ఉద్యోగంలో మీరెంత వేగంగా వెళ్తారన్నది పెద్ద విషయం కాదు. పన్నెండేళ్ల పిల్ల 'నా పడవ ఎందుకు తిరగట్లేదు సార్' అని అడిగితే ఒడ్డు నుంచే చూసి కారణం చెప్పగలగాలి.

దమ్మున్న గాలి వచ్చినప్పుడు

గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 12 కిలోమీటర్ల గాలిలో హాయిగా సాగిన పడవ 24 కిలోమీటర్ల గాలిలో ఎందుకు గుర్రంలా ఎగిరిపడుతుందో ఈ లెక్క చెబుతుంది. హుస్సేన్‌సాగర్ లాంటి చెరువుల్లో ఇంకో తంటా ఉంది. చుట్టూ ఎత్తయిన భవనాలు, చెట్లు. వాటిని దాటి వచ్చే గాలి తెరలు తెరలుగా, దిక్కు మార్చుకుంటూ పడుతుంది. సముద్రం మీద నేర్చుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి తికమకపడేది అందుకే. నీళ్ల మీద నల్లటి మరకలా ముడతలు పరుచుకుంటూ మీ వైపుకు వస్తున్నాయంటే అది గాలి తెర. అది తగలడానికి ముందే సిద్ధంగా ఉండాలి.

ఎదురుగాలి దారిలో గాలి తెర తగలగానే వరుస ఇది. ముందు తాడు కొంచెం వదలాలి, కాళ్లను పట్టీలో ఇరికించి బయటికి వాలాలి, పడవ నిటారుగా లేవగానే తిరిగి లాగాలి. చాలామంది ముందు వాలి, చాలకపోతే అప్పుడు వదులుతారు. ఈలోగా పడవ ఒరిగి వేగం పోతుంది. మరీ చేయి దాటిపోతుంటే తాడు పూర్తిగా వదిలేయండి. చాప జెండాలా కొట్టుకుంటుంది, పడవ నిలబడుతుంది. కొత్తవాళ్లు సరిగ్గా ఆ క్షణంలోనే భయంతో తాడును ఇంకా గట్టిగా పట్టుకుంటారు. హుస్సేన్‌సాగర్‌లో మునకేస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు కదా!

ఇంకో మూడు తాళ్లతో చాప ఆకారాన్నే మార్చొచ్చు. అవుట్‌హాల్ అనే తాడు చాప కింది అంచును బూమ్ వెంట చాచి ఉంచుతుంది. దాన్ని లాగితే చాప పొట్ట తగ్గి చదునవుతుంది. కన్నింగ్‌హామ్ చాప ముందు అంచును కిందికి లాగుతుంది. అమెరికన్ సెయిలర్ బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరు మీద వచ్చింది, ఆయన కారు రేసుల్లోనూ ప్రసిద్ధుడే. గాలి పెరిగే కొద్దీ పొట్ట వెనక్కి జరుగుతుంది. ఈ తాడు దాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది, చాప పైభాగం తెరుచుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. మూడోది వాంగ్. బూమ్ పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది.

గాలి బలంగా ఉంటే మూడూ బిగించాలి. తేలిక గాలిలో కన్నింగ్‌హామ్ పూర్తిగా వదిలేయండి. మాస్ట్ పక్కన చాప మీద అడ్డంగా ముడతలు పడతాయి. అవి చూస్తే కొత్తవాళ్ల మనసు ఊరుకోదు, ఇస్త్రీ చేసినట్టు లాగేస్తారు. ఆ ముడతల వల్ల నష్టమేం లేదు, వదిలేయండి. గాలి దాదాపు ఆగిపోయినప్పుడు ముందుకు జరిగి కూర్చుని పడవను గాలి పోయే వైపుకు కాస్త ఒరగనిస్తే, చాప తన బరువుకే జారి ఆకారం తెచ్చుకుంటుంది.

గాలివాటున వెళ్లడం తేలికనుకుంటారు, పడిపోయేది మాత్రం అక్కడే ఎక్కువ. వాంగ్ మరీ వదులుగా ఉంటే చాప పైభాగం ముందుకు మెలితిరిగి పడవను మీ మీదికే ఒరిగేలా తోస్తుంది. తాడు వెంటనే కొంత లోపలికి లాగితే చాలు, ఊగుడు తగ్గుతుంది. బూమ్‌ను ఒక వైపు నుంచి రెండో వైపుకు మార్చే జైబ్‌లో భయపడి నెమ్మదించొద్దు. పడవ వేగంగా ఉన్నప్పుడే చాప మీద ఒత్తిడి తక్కువ ఉంటుంది, అప్పుడే తిప్పేయాలి. తల వంచడం మర్చిపోవద్దు, బూమ్‌కు మొహమాటం లేదు.

మీ బరువెంత? ఇదే మొదటి ప్రశ్న

ఇక చాప ఎంపిక. 'ఏ కంపెనీది కొనాలి' అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అది చివరి ప్రశ్న. మీ పడవ ఏ తరగతిది, మీ బరువెంత, మీ ఊళ్లో గాలి ఎలా ఉంటుంది, పోటీలకు వెళ్తారా, నేర్చుకోవడానికేనా... ఇవి తేలాక చాప దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ఇల్కా పడవను తీసుకోండి. బ్రూస్ కర్బీ రూపొందించిన ఈ పడవను చాలాకాలం లేజర్ అని పిలిచారు, 2019 నుంచి ఇల్కా అంటున్నారు. పొడవు సుమారు 4.2 మీటర్లు, ఒక్కరే నడుపుతారు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. దీని గొప్పతనం ఏమిటంటే పడవ ఒక్కటే, చాపలు మూడు. మాస్ట్ కింది ముక్క, చాప మారిస్తే చాలు. ఇల్కా 4 చాప 4.7 చదరపు మీటర్లు. ఇల్కా 6కు 5.76. ఇల్కా 7కు 7.06. మొదటిది సుమారు 45 నుంచి 60 కిలోల బరువున్నవాళ్లకు కుదురుతుంది. 60 దాటి 70 ప్రాంతం వరకు ఇల్కా 6. 75 నుంచి 85 మధ్య ఉంటే ఇల్కా 7. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు, కానీ వీటికి బాగా దూరంగా వెళ్తే ఇబ్బంది మీకే.

కాలేజీ కుర్రాళ్లలో ఒక జబ్బుంది. పెద్ద చాప వేసుకుంటేనే మొనగాడు, చిన్నది పిల్లలకని. 58 కిలోల అబ్బాయి ఇల్కా 7 చాప ఎక్కించుకుంటాడు. తేలిక గాలిలో నాలుగు రోజులు రాజాలా తిరుగుతాడు. జులై గాలులు మొదలయ్యాక పడవను నిటారుగా పట్టలేక మధ్యాహ్నమంతా బోల్తాలు కొడుతూ, లేపుకుంటూ గడుపుతాడు. పైన చెప్పుకున్న వదలడం, లాగడం, ఒంటితో తిప్పడం సాధన చేసే తీరిక అతనికెక్కడిది? ఒక సీజన్ అలాగే పోతుంది. డిగ్రీ మూడేళ్లలో ఒక సీజన్ అంటే తక్కువేం కాదు. అదే అబ్బాయి చిన్న చాపతో ఉంటే అంతే గాలిలో రెండు గంటలు ఆగకుండా నడిపేవాడు.

చిన్న చాపను చిన్నచూపు చూసేవాళ్లు 2023 ఆసియా క్రీడలు గుర్తుచేసుకోవాలి. నేహా ఠాకూర్ రజతం గెలిచింది ఇల్కా 4లోనే. మధ్యప్రదేశ్‌లోని రైతు కుటుంబం ఆమెది, నేర్చుకున్నది సముద్రం లేని భోపాల్ చెరువులో, అక్కడి నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో. అవే క్రీడల్లో సైన్యానికి చెందిన విష్ణు శరవణన్ ఇల్కా 7లో కాంస్యం తెచ్చాడు. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ నేత్రా కుమనన్‌ది ఇల్కా 6. ముగ్గురూ కూర్చునే పడవ ఆకారం ఒక్కటే. ఎవరి ఒంటికి తగ్గ చాప వాళ్లది.

మీ క్లబ్బులో పెద్ద చాప ఒక్కటే ఉంటే? గాలి ఎక్కువున్న రోజు అవుట్‌హాల్ విప్పి చాపను మాస్ట్‌కు ఒకటి రెండు చుట్లు చుట్టి చిన్నది చేసుకోవచ్చు. ఇల్కా చాప మాస్ట్‌కు తొడుగులా ఎక్కుతుంది కాబట్టి అది సాధ్యం. పోటీకి కాదు, సాధనకు.

వాడిన చాప కొనేటప్పుడు

విద్యార్థులు కొత్త చాప కొనే సందర్భాలు తక్కువ. ఎవరో వాడి వదిలేసింది తీసుకుంటారు. తప్పేం లేదు, చూసి తీసుకోవాలి అంతే. చిన్న పడవల చాపలు ఎక్కువగా డాక్రాన్ అనే పాలియెస్టర్ నేతతో చేస్తారు. పొరలు అతికించిన లామినేట్ చాపలు తేలిగ్గా ఉండి ఆకారం బాగా నిలుపుకుంటాయి కానీ మడతలకు, మోటు వాడకానికి తట్టుకోవు. నేర్చుకునేవాళ్లకు, నేర్పేవాళ్లకు డాక్రానే మేలు.

చాపకు ఇద్దరు శత్రువులు. ఒకటి ఎండ. రెండోది ఉత్తినే రెపరెపలాడడం. బట్ట బాగున్నట్టు కనిపించినా కుట్టు దారం ఎండకు ముందే చచ్చిపోతుంది. కుట్టు మీద గోటితో గీకండి. దారం తెగి పీచులా లేస్తే చాప మొత్తం తిరిగి కుట్టించాల్సిందే. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూది మొన రంధ్రాలు తెలుస్తాయి. అడ్డ పట్టీలు దూర్చే జేబుల చివరలు, మూడు మూలలు, బూమ్‌కు రాసుకునే చోటు... చిరుగులు మొదలయ్యేది అక్కడే. కొత్త బట్ట చేతిలో నలిపితే కాగితంలా పెళపెళలాడుతుంది. మెత్తగా పాత పంచెలా ఉంటే సాగిపోయిందన్న మాట.

ఆ తర్వాత తప్పకుండా ఎక్కించి చూడండి. బూమ్ మధ్య నుంచి తల పైకెత్తి చూస్తే చాప వంపు కనిపిస్తుంది. లోతైన భాగం ముందు సగంలో ఉంటే సరే. వెనక్కి జారి సంచిలా వేలాడుతుంటే, కన్నింగ్‌హామ్ లాగినా ముందుకు రాకుంటే, ఆ చాపతో ఎదురుగాలిలో పడవ పక్కకు ఒరగడమే తప్ప ముందుకు పోదు. సాధనకు ఎంత చవగ్గా ఇచ్చినా అది మీకు తప్పుడు పాఠాలు నేర్పుతుంది.

ఇల్కా లాంటి తరగతుల్లో ఇంకో మెలిక. పోటీలకు అధికారిక గుర్తింపున్న తయారీదారుల చాపే ఉండాలి. అదే కొలతల్లో చవగ్గా దొరికే నకళ్లను సాధనకు వాడుకోవచ్చు, పోటీలో ఒప్పుకోరు. సాధనకు ఒకటి, పోటీ రోజున తీసేది ఇంకోటి అని పెట్టుకునేవాళ్లు ఉన్నారు. మీరు కొనబోయేది ఏ రకమో డబ్బు ఇవ్వకముందే అడగండి.

ఇద్దరు కూర్చునే ఎంటర్‌ప్రైజ్ పడవల్లో పెద్ద చాపకు ముందు జిబ్ ఉంటుంది. రెండింటి మధ్య సందులోంచి గాలి సాఫీగా పోవాలి. జిబ్‌ను మరీ బిగిస్తే ఆ సందు మూసుకుపోయి పెద్ద చాప ముందు అంచు లోపలికి నొక్కుకుపోతుంది. పెద్ద చాప పాడైందని అనుమానపడే ముందు జిబ్ తాడు రెండు అంగుళాలు వదిలి చూడండి.

దరఖాస్తులో ఏం రాయాలి?

ఈత రాకపోతే ముందు అది నేర్చుకోండి. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అనొద్దు, శిక్షకుడిగా మీరు ఇంకొకరిని కాపాడాలి. దేశంలో ఈ క్రీడకు జాతీయ సమాఖ్య యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. మీ దగ్గర్లోని క్లబ్బుకు దాని గుర్తింపు ఉందా, అక్కడిచ్చే ధ్రువపత్రం చెల్లుతుందా అన్నది చేరేముందే కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ విభాగాలు క్రీడాకారులను తీసుకునే క్రీడల జాబితాలో యాచింగ్ ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో, విశ్వవిద్యాలయం తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో పాల్గొన్న పత్రాలు అక్కడ పనికొస్తాయి. మీ కాలేజీలో ఎన్‌సీసీ నౌకా విభాగం ఉంటే అంతకన్నా దగ్గరి దారి లేదు. పడవ, చాప, నేర్పేవాళ్లు అన్నీ అక్కడే. 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి నౌకాదళ అధికారుల ఎంపికలో ప్రత్యేక ప్రవేశం ఉంది. అర్హతలు ఎప్పటికప్పుడు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టండి. తేదీ, చోటు, పడవ, ఏ చాప, గాలి ఎలా ఉంది, ఎన్ని గంటలు, ఏం సాధన చేశారు... నాలుగు ముక్కలు చాలు. 'సెయిలింగ్ వచ్చు' అని రెజ్యూమెలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. 'ఇల్కా 6 చాపతో, వర్షాకాలపు గాలుల్లో, ఇన్ని గంటలు' అని చూపించేవాళ్లు తక్కువ. క్లబ్బులో పోటీలు జరిగే రోజుల్లో సేఫ్టీ బోటులో సాయం చేస్తామని, చిరిగిన చాపలకు మాసికలు వేస్తామని ముందుకు రండి. డబ్బు రాకపోవచ్చు. ఏ పడవ ఎందుకు వెనకబడిందో గంటల తరబడి చూసే అవకాశం మాత్రం దొరుకుతుంది, మనుషులూ పరిచయమవుతారు.

ఇక పరీక్ష రోజు. నీటి మీద పని అయిపోయి ఒడ్డుకు చేరాక 'హమ్మయ్య' అని చాపను అలాగే గాలికి కొట్టుకోనిచ్చి కబుర్లలో పడకండి. పరీక్షకుడు ఇంకా చూస్తూనే ఉంటాడు. పడవను గాలికి ఎదురుగా నిలిపి చాప దించండి. సముద్రం అయితే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, అడ్డ పట్టీలు తీసి, మడత పెట్టకుండా పై కొస నుంచి చాపలా చుట్టండి. సంచిలో పెట్టేముందు కుట్ల వెంట ఒకసారి చెయ్యి పోనిచ్చి, ఎక్కడైనా దారం లేచి ఉంటే ఎవరూ అడక్కముందే చెప్పండి.